ఇద్దరి ముందు పద్నాలుగు మంది

ఆదివారం రాత్రి ముగిసి సోమవారం మొదలైంది. వేళ రెండు దాటింది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ నుంచి మన్‌హాటన్ వైపు పోయే రైలు స్టేషన్‌కు ఇద్దరు ముగ్గురు చొప్పున ఎక్కించుకుంటూ కదులుతోంది. ట్యాక్సీకి డబ్బు దండగని పెళ్లాంతో వాదించి, నిద్రపోతున్న కూతుర్ని ఎత్తుకుని ఎక్కాడు ఒక తండ్రి. కొడుకు తీరు గురించి తగువు పడుతూ యూదు వృద్ధ దంపతులు ఎక్కారు. పైకి రాలేదని భర్తను సూటిపోటి మాటలనే భార్య, ఆ మాటలు వింటూ కూర్చునే బడిపంతులు. సెలవు మీద వచ్చిన ఇద్దరు సైనికులు, వారిలో ఒకడి చేతికి సిమెంటు కట్టు. ఒక ప్రేమజంట. తాగుడు మానేసి బతుకు మళ్లీ కూడదీసుకుంటున్న నడివయసు మనిషి. బెదురుచూపుల స్వలింగ సంపర్కుడు. ఒక నల్లజాతి జంట. మూలన ఒళ్లు తెలియకుండా పడున్న తాగుబోతు. మొత్తం పదహారు మంది. పాపను, తాగుబోతును తీసేస్తే మెలకువగా ఉన్నవాళ్లు పద్నాలుగు.

తర్వాత ఇద్దరు ఎక్కుతారు. రైలు దిగేది ఎవరో, దిగకూడనిది ఎవరో అక్కడి నుంచి వాళ్లే నిర్ణయిస్తారు.

1967లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ విడుదల చేసిన ‘ది ఇన్సిడెంట్’ కథ ఇంతే. దర్శకుడు ల్యారీ పీర్స్. అంతకు మూడేళ్ల ముందు, తెల్లజాతి స్త్రీకీ నల్లజాతి పురుషుడికీ మధ్య పెళ్లిని ఇతివృత్తంగా తీసుకుని ‘వన్ పొటాటో, టూ పొటాటో’ తీసినవాడు. దుండగుల్లో ఒకడు టోనీ మ్యుసాంటే, రెండోవాడు మార్టిన్ షీన్. ‘అపొకలిప్స్ నౌ’తో ప్రపంచానికి తెలిసిన షీన్‌కు వెండితెర మీద మొదటి వేషం ఇదే. రాత్రిపూట రైళ్లలో భయం అప్పట్లో నిజంగానే నగరాన్ని పట్టి ఉంది. మేయర్ రాబర్ట్ వాగ్నర్ 1965లో, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4 వరకు ప్రతి రైల్లో ఒక పోలీసును పెట్టాలని ఆదేశించాడు. అలాంటి రోజుల్లో తమ రైల్లో జనాన్ని ఇద్దరు రౌడీలు బంధిస్తారనే కథకు రైల్వే యాజమాన్యం అనుమతి ఇస్తుందా? ఇవ్వలేదు. దాంతో బ్రాంక్స్‌లోని స్టూడియోలో అచ్చు రైలు పెట్టె లాంటి సెట్ వేసుకున్నారు. స్టేషన్ల షాట్లు కొన్నింటిని కెమెరా దాచిపెట్టి దొంగచాటుగా తీశారు. ఛాయాగ్రాహకుడు గెరాల్డ్ హిర్ష్‌ఫెల్డ్ నలుపు తెలుపుల్లో ఆ ఇరుకునంతా పట్టుకున్నాడు. చూసేవాడికి కూడా దిగే దారి ఉండదు.

ఈ సినిమా గురించి రాసినవాళ్లు చాలామంది ‘జనం పిరికితనానికి అద్దం’ అని తేల్చేశారు. ఆ మాట సగమే నిజం. జనం పిరికివాళ్లని చెప్పడానికి అంత పెద్ద సెట్టు అక్కర్లేదు. పద్నాలుగు మందిని ఇద్దరు ఎలా లొంగదీస్తారో, ఆ పని ఏ వరసలో జరుగుతుందో ఈ సినిమా పూసగుచ్చినట్టు చూపిస్తుంది. దాని విలువ అక్కడుంది.

మ్యుసాంటే వేసిన జో ఫెరోన్ పాత్ర మొదట తాగుబోతు జోలికి వెళ్తుంది. వాడి మీద ఎవరికీ ప్రేమ లేదు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లూ తక్కువ. తర్వాత స్వలింగ సంపర్కుడు. 1967లో వాడి పక్షాన మాట్లాడితే తన మీదా అనుమానం వస్తుందని ప్రతి మగాడికీ భయం. అతను దిగిపోబోతే వెనక్కి లాగి మరీ అవమానిస్తారు. మిగతావాళ్లు కిటికీ వైపు తిరుగుతారు. ఆ తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఒక్కొక్కరి నొప్పి ఎక్కడుందో తడిమి పట్టుకుని, అక్కడే నొక్కుతాడు. పంతులి దగ్గర అతని చేతకానితనం. ముసలాయన దగ్గర వయసు. ప్రియురాలి ముందు అప్పటిదాకా రొమ్ము విరుచుకున్న కుర్రాడి దగ్గర ఆ రొమ్ము విరుపే. ఆ పిల్ల ఒంటి మీద చెయ్యి వేస్తుంటే కుర్రాడు నీరుగారిపోతాడు.

గమనించాల్సింది వరస. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు ఒంటరి. ఫెరోన్ ఏ దశలోనూ పద్నాలుగు మందితో తలపడడు. ఒకరితోనే తలపడతాడు, పద్నాలుగుసార్లు.

నల్లజాతి జంట ఘట్టం ఈ సినిమాకు గుండెకాయ. భర్త ఆర్నల్డ్ రాబిన్సన్‌గా బ్రాక్ పీటర్స్, భార్యగా రూబీ డీ. తెల్లవాళ్లంటే అతనికి ఒళ్లు మంట, దానికి కారణాలూ ఉన్నాయి. ఆమె సంఘసేవకురాలు, ఓర్పుతో సాధించుకోవాలంటుంది. తమ స్టేషన్ వచ్చినప్పుడు ఆమె దిగిపోదామంటుంది. అతను దిగడు. తెల్లవాళ్లు తెల్లవాళ్లను పీక్కుతింటుంటే చూడ్డం అతనికి సరదాగా ఉంది! ఈ ప్రేక్షకుడు భయంతో ఊరుకున్నవాడు కాదు, ముచ్చటపడి ఊరుకున్నవాడు. సినిమాలో అంతకుముందుగానీ తర్వాతగానీ అంత కఠినమైన నిజం మరొకటి లేదు. మనకు గిట్టనివాడి మీద దెబ్బ పడుతున్నప్పుడు మన కాళ్లు ఎందుకు కదలవో చెప్పే ఘట్టం అది. వంతు అతని దాకా రానే వచ్చింది. తిరగబడబోతే అతని భార్యను పట్టుకుంటారు. అంత నిప్పులు కక్కిన మనిషి అందరి ముందూ కుప్పకూలిపోతాడు.

(‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ సినిమాలో చేయని నేరానికి బలయ్యే టామ్ రాబిన్సన్ కూడా ఈ బ్రాక్ పీటర్సే. ఇంటిపేరు కూడా అదే. కాకతాళీయమో, కావాలని పెట్టిందో గానీ ఆ సినిమా చూసినవాళ్లకు గుండె కలుక్కుమంటుంది.)

తెలుగు ప్రేక్షకుడికి ఇది కొత్త అనుభవం. మన సినిమాల్లో నడిబజారు హింస కొల్లలు. అయితే ఆ బజారులో నిలబడ్డ జనానికి కథలో చోటుండదు. వాళ్లు జూనియర్ ఆర్టిస్టులు. విలన్ కొడుతుంటే బెదరడం, హీరో వచ్చాక తేరుకోవడం, చివర్లో చప్పట్లు కొట్టడం వాళ్ల పని. 1989 నాటి ‘శివ’లో సైకిల్ చైన్ తెగే ముందు కాలేజీ ఆవరణంతా చూస్తూనే ఉంది. ఆ చూసేవాళ్లెవరో మనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. ‘ది ఇన్సిడెంట్’ ఆ జూనియర్ ఆర్టిస్టులందర్నీ ముందు వరసలోకి తెచ్చి, పేర్లు పెట్టి, ఇంటి గొడవలతో సహా పరిచయం చేసి, అప్పుడు రౌడీలను ఎక్కించింది.

ఈ విషయంలో మన దగ్గర దానికి దీటుగా నిలిచేది టి. కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ ఒక్కటే. 1985లో వచ్చిన ఆ సినిమాలో విజయశాంతి వేసిన లెక్చరర్ ఝాన్సీ కళ్లెదుట పోలీసు అధికారి హత్య జరుగుతుంది. సాక్ష్యం చెబుతానంటుంది. దానికి శిక్షగా ఆమెను వీధిలో అందరూ చూస్తుండగా వివస్త్రను చేస్తారు. వీధి వీధంతా నిలబడి చూస్తుంది. చివరకు ఆమె గొడ్డలి పడుతుంది, హాలు ఈలలతో దద్దరిల్లుతుంది. ఆ కోపంలో నిజాయితీ ఉంది. కానీ గొడ్డలి దెబ్బతో ఝాన్సీ కథ తీరింది తప్ప, ఆ వీధిలో చేతులు కట్టుకు నిలబడ్డవాళ్ల కథ తీరలేదు. వాళ్లు మళ్లీ జూనియర్ ఆర్టిస్టులైపోయారు.

‘ది ఇన్సిడెంట్’ పేరు వస్తే వెంటనే వచ్చే మరో పేరు కిటీ జెనొవీస్. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో, పని నుంచి ఇంటికి తిరిగొస్తున్న ఆ యువతిని విన్‌స్టన్ మోస్లీ అనేవాడు కత్తితో పొడిచి చంపాడు. అప్పటికి అది చిన్న వార్త. రెండు వారాల తర్వాత ‘న్యూయార్క్ టైమ్స్’ మొదటి పేజీలో మరో కథనం వచ్చింది. 38 మంది అరగంటకు పైగా ఆ హత్యను చూస్తూ ఉండిపోయారని, ఒక్కరూ పోలీసులను పిలవలేదని దాని సారాంశం. ఆ సంగతి పత్రిక మెట్రో ఎడిటర్ ఎ.ఎం. రోసెంథాల్‌కు భోజనాల దగ్గర చెప్పింది పోలీసు కమిషనరే. అమెరికా సిగ్గుతో తల దించుకుంది. రోసెంథాల్ ఏకంగా పుస్తకం రాశాడు. మూడేళ్ల తర్వాత వచ్చిన ఈ సినిమాను ఆ హత్యకు తెర రూపమనే అందరూ చూశారు.

కాలక్రమం ఒప్పుకోదు. సినిమాకు మూలం నికొలస్ బేర్ రాసిన ‘రైడ్ విత్ టెర్రర్’ అనే టీవీ నాటకం. అది ప్రసారమైంది 1963 చివర్లో, అంటే జెనొవీస్ హత్యకు ముందే. దానిలోనూ రౌడీ వేషం మ్యుసాంటేదే. పత్రిక చెప్పకముందే ఒక రచయితకు ఆ రైలు పెట్టె కనపడింది.

మరి పత్రిక చెప్పింది? ఏళ్లు గడిచేకొద్దీ దాని మీద పెచ్చులు ఊడాయి. 2007లో మానింగ్, లెవిన్, కాలిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు కోర్టు రికార్డులు తిరగేసి, 38 మంది నిలబడి చూశారనడానికి ఆధారం లేదని తేల్చారు. చలికాలపు తెల్లవారుజాము, చాలామంది విన్నది ఒక అరుపు, అంతే. ఒకతను కిటికీలోంచి గద్దిస్తే మోస్లీ పారిపోయాడు కూడా. మళ్లీ వచ్చి రెండోసారి పొడిచింది భవనం వెనకవైపు, వీధిలోంచి కనపడని చోట. విషయం తెలియగానే సోఫియా ఫారర్ అనే పొరుగామె, హంతకుడు అక్కడే ఉన్నాడో లేదో తెలియకుండా పరుగెత్తుకెళ్లి కిటీని ఒళ్లోకి తీసుకుంది. 1964 నాటి కథనంలో ఆమె ఊసు లేదు. 2016లో మోస్లీ జైల్లో చనిపోయినప్పుడు ఆ పత్రికే తన పాత కథనంలో లోపాలున్నాయని ఒప్పుకుంది. నిజంగా చూసి, అర్థమయ్యీ తలుపేసుకున్నవాళ్లు లేకపోలేదు. వాళ్లు ఒకరిద్దరు. ముప్ఫై ఎనిమిది మంది కాదు.

ఇంకొకటుంది, దాన్ని తక్కువగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో 911 అనే నంబరే లేదు. అది మొదలైంది 1968 జూలైలో. అంతకుముందు పోలీసులు కావాలంటే స్థానిక స్టేషన్‌కో, ఆపరేటర్‌కో ఫోను కలపాలి. ‘పిలవలేదు’ అని జనాన్ని తిట్టిన నగరానికి, పిలవడానికి ఒక తేలికైన దారి పెట్టడానికి మరో నాలుగేళ్లు పట్టింది.

38 మంది కథ అబద్ధమైనా దాని నుంచి పుట్టిన పరిశోధన మాత్రం గట్టిదే. జాన్ డార్లీ, బిబ్ లటానే 1968లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల ద్వారా మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినపడుతుంది. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ మూర్ఛ ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకుంటే 62 శాతం. మరో నలుగురున్నారనుకుంటే 31 శాతమే. అందరూ ఎత్తి చూపే అంకెలు ఇవి. అదే ప్రయోగంలో, కదలనివాళ్ల చేతులు వణుకుతున్నాయని, అరచేతులు చెమట పట్టాయని, వాళ్లు ఆ బాధితుడి గురించి ఆరాటంగా అడిగారని కూడా పరిశోధకులు రాశారు. కదలకపోవడం వేరు, పట్టకపోవడం వేరు. సినిమాలో ఆ పద్నాలుగు ముఖాలను చూసినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

అసలు ముచ్చట దాని తర్వాతిది. 1968లో, ‘ది ఇన్సిడెంట్’ విడుదలైన మరుసటి సంవత్సరం, పిలియావిన్ దంపతులు, రోడిన్ అనే మరో పరిశోధకురాలు కలిసి నిజంగానే న్యూయార్క్ భూగర్భ రైల్లో ప్రయోగం చేశారు. 59వ వీధి, 125వ వీధి స్టేషన్ల మధ్య ఏడున్నర నిమిషాలు ఆగకుండా పోయే రైలు అది. వాళ్ల మనిషి ఒకడు పెట్టె మధ్యలో కుప్పకూలతాడు. కొన్నిసార్లు చేతికర్రతో, కొన్నిసార్లు సారా వాసనతో, చేతిలో సీసాతో. కర్ర పట్టుకున్నవాడు పడిన 65 సార్లలో 62 సార్లు జనం తమంతట తామే లేచి సాయపడ్డారు. తాగుబోతు పడిన 38 సార్లలో 19 సార్లు లేచారు. పెట్టెలో ఎక్కువమంది ఉన్నంత మాత్రాన సాయం తగ్గలేదు. గదుల్లో విడివిడిగా కూర్చున్న విద్యార్థులకు పక్కవాడి ముఖం కనపడదు. రైల్లో అందరికీ అందరూ కనపడతారు. తేడా అక్కడే ఉండొచ్చు.

‘ది ఇన్సిడెంట్’ చివర్లో జనం దిగిపోతూ కింద పడున్న తాగుబోతును దాటుకుంటూ వెళ్తారు. అదే నగరంలో, అలాంటి రైల్లోనే, నిజమైన జనంలో సగంసార్లు ఎవరో ఒకరు వంగి తాగుబోతును లేపారు. న్యాయంగా చెప్పాలంటే పీర్స్ తన నగరాన్ని కొంచెం ఎక్కువే తిట్టాడు.

ప్రయోగంలో కత్తి లేదు కదా అని అడగొచ్చు. సబబే. దానికి ఈమధ్యే జవాబు దొరికింది. రిచర్డ్ ఫిల్‌పాట్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం బ్రిటన్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వీధుల్లో సీసీ కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించింది. నటన కాదు, ప్రయోగశాల కాదు. అసలు తగాదాలు. పదిలో తొమ్మిదింట, 91 శాతంలో, కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. చుట్టూ జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు అడ్డుపడే అవకాశం పెరిగింది తప్ప తగ్గలేదు. వీధి గొడవలన్నీ చంపడానికి వచ్చినవాడితో పడే గొడవలు కావు, నిజమే. అయినా ‘ఈ కాలం జనం రాళ్లు’ అనే మాటకు అంత పెద్ద గండి మరొకటి పడలేదు.

అలాగైతే సినిమా తప్పు చెప్పినట్టా? కాదు. అంకెలు చెప్పేది ఎంతమంది లేచారని. మొదట లేచినవాడికి ఏమైందన్నది సినిమా చెబుతుంది. ఆ రైల్లో నోరు విప్పినవాళ్లు లేకపోలేదు. ఒకరు నోరు విప్పగానే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి, ఆ ఒక్కడే ఏం చేస్తాడో చూస్తారు. అందుకే ప్రతిసారీ ఆ ఒక్కడు కూలబడతాడు. లేచే మొదటి మనిషికి కొరత లేదు, రెండో మనిషే లేడు.

కురుసభలో జరిగిందీ ఇదే. ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు అందరూ తలలు వంచుకున్నారని చెప్పుకుంటాం గానీ, వికర్ణుడు లేచాడు. ధృతరాష్ట్రుడి కొడుకుల్లో ఒకడు, పెద్దలు మాట్లాడకపోతే తానే మాట్లాడతానని ఇది అధర్మమన్నాడు. కర్ణుడు కుర్రకుంకవని నోరు మూయించాడు. విదురుడూ హెచ్చరించాడు. కానీ వికర్ణుడి పక్కన నిలబడి ‘వాడన్నది నిజం’ అనడానికి భీష్ముడు లేవలేదు, ద్రోణుడు లేవలేదు. మన పురాణ కాలక్షేపాల్లో భీష్ముడి మౌనం మీద గంటలకొద్దీ చర్చ నడుస్తుంది. వికర్ణుడి పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు?

రైల్లో చివరకు లేచింది చేతికి కట్టున్న సైనికుడు ఫెలిక్స్. ఆ వేషం బో బ్రిడ్జెస్‌ది. ఓక్లహామా నుంచి వచ్చిన, ఆ నగరం పద్ధతులు తెలియని పల్లెటూరి కుర్రాడు. ఫెరోన్ నిద్రపోతున్న పాప దగ్గరికి చేరినప్పుడు అతను ఇక ఆగలేకపోతాడు. కత్తిపోటు తింటాడు, అయినా ఆ సిమెంటు కట్టుతోనే కొట్టి పడేస్తాడు. అంతా అయ్యాక తోటి సైనికుడు వచ్చి ఎలా ఉందని పరామర్శిస్తాడు. ఇంతసేపూ నువ్వెక్కడున్నావని ఫెలిక్స్ అడిగినప్పుడు ఆ స్నేహితుడి దగ్గర జవాబు లేదు. ఎక్కడికీ పోలేదు, పక్క సీట్లోనే ఉన్నాడు. పద్నాలుగు మంది మీద పడిన నింద కంటే ఆ ఒక్క స్నేహితుడి మీద పడిన ప్రశ్న బరువైనది.

ఎవరూ లేవలేదనడానికీ, లేచినవాడికి తోడు ఎవరూ రాలేదనడానికీ మధ్య ఉన్న ఈ తేడా మన పత్రికలకూ, టీవీలకూ ఎంతో అవసరం. నడిరోడ్డు మీద ఘోరం జరిగిన ప్రతిసారీ మన శీర్షికలు ముందే సిద్ధంగా ఉంటాయి: ‘చోద్యం చూసిన జనం’, ‘మంటగలిసిన మానవత్వం’. 2018 సెప్టెంబరులో హైదరాబాద్ అత్తాపూర్‌లో పట్టపగలు ఒకణ్ని గొడ్డలితో నరికినప్పుడు ఇదే రాశారు. ఆపడానికి కొందరు ప్రయత్నించినట్టు ఆ వీడియోల్లోనే కనపడుతుంది. 2021 ఆగస్టు 15న గుంటూరులో ఇంజినీరింగ్ విద్యార్థినిని ఉన్మాది పొడిచి చంపినప్పుడు ఇదే మాట. 2022 మేలో సరూర్‌నగర్‌లో మతాంతర వివాహం చేసుకున్నాడని ఒక దళిత యువకుణ్ని బావమరిది రోడ్డు మీద చంపినప్పుడు, ఎంత వేడుకున్నా ఎవరూ రాలేదని అతని భార్య మీడియా ముందు వాపోయింది. ఆమె మాటను ఎవరూ కాదనలేరు. అలా అనే హక్కు ఆమెకుంది. స్టూడియోలో కూర్చున్న యాంకర్‌కు లేదు.

ఎందుకంటే ఆ శీర్షిక ఒక పాఠం నేర్పుతుంది, అదీ తప్పు పాఠం. ఎవరూ రారని రోజూ చదివేవాడు, తాను లేస్తే తన వెనక ఎవరూ లేవరనే నమ్మకానికి వస్తాడు. ఫెరోన్ లాంటివాడికి కావాల్సింది ఆ నమ్మకమే. అడ్డుపడినవాళ్ల పేరు, వాళ్లు ఏం చేశారు, ఎవరు తోడు వచ్చారు అన్నది వార్త లోపలి పేరాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు, సోఫియా ఫారర్ విషయంలోలాగే.

ఫోను తీసి వీడియో తీస్తున్నవాణ్ని తిట్టడం కూడా ఇలాంటిదే. అందరూ వీడియో తీసి ఎవరూ 112కి ఫోను చేయకపోతే తిట్టాల్సిందే. కానీ గుంటూరు కేసులో హంతకుడికి తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2022 ఏప్రిల్‌లో, కోర్టు ఉరిశిక్ష వేసిందంటే అందులో సీసీ కెమెరా దృశ్యాల పాత్ర ఉంది, కోర్టుకు వచ్చి చెప్పిన ప్రత్యక్ష సాక్షుల పాత్ర ఉంది. కత్తికి ఎదురెళ్లడం ఒక్కటే సాయం కాదు. కేకలు వేయడం, బైకు హారన్ ఆపకుండా కొట్టడం, పక్కనున్న ఇద్దర్ని వేలుపెట్టి చూపించి ‘నువ్వు ఫోను చెయ్, నువ్వు నాతో రా’ అనడం కూడా సాయమే. ఆ చివరిది అన్నిటికంటే పెద్దది. గుంపును ఇద్దరు ముగ్గురు పేరున్న మనుషులుగా మార్చేది అదే.

వీరత్వానికీ హద్దుంది. 1984 డిసెంబరులో బెర్న్‌హార్డ్ గెట్జ్ అనేవాడు న్యూయార్క్ రైల్లో డబ్బడిగిన నలుగురు నల్లజాతి కుర్రాళ్ల మీద కాల్పులు జరిపి, కొందరికి కథానాయకుడయ్యాడు. హత్యాయత్నం కేసు వీగిపోయింది, అక్రమ ఆయుధం కేసులో శిక్ష పడింది. 2023 మేలో అదే నగరం రైల్లో మతిస్థిమితం తప్పి కేకలు వేస్తున్న జోర్డన్ నీలీ మెడను డానియెల్ పెన్నీ అనే మాజీ మెరైన్ చేతుల మధ్య బిగించి పట్టాడు. నీలీ చనిపోయాడు. 2024 డిసెంబరులో జ్యూరీ పెన్నీని నిర్దోషిగా వదిలేసింది. న్యూయార్క్ ఈ రోజుకీ రెండుగా చీలి వాదించుకుంటోంది. ఎవరినీ ముట్టుకోని మనిషి చచ్చిపోతే దాన్ని సాయం అనడం కష్టం. ఒంటరి వీరుడి మీద ఆధారపడే నగరానికి ఒక్కోసారి ఫెలిక్స్ దొరుకుతాడు, ఒక్కోసారి గెట్జ్.

‘ది ఇన్సిడెంట్’లో పోలీసులు వచ్చే తీరు చూడాలి. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రైలెక్కిన పోలీసులు కింద పడున్న దుండగులను చూడరు, నెత్తురోడుతున్న సైనికుణ్ని చూడరు. ఎవరేమిటో ఒక్క ముక్క అడక్కుండా మొదట నల్లజాతి మనిషిని పట్టుకుంటారు. కొన్ని క్షణాల షాట్. సాయం చేయడానికి లేచేవాడి మనసులో ఉండే రెండో భయం అదే. మొదటి భయం కత్తి. రెండోది ఖాకీ.

ఆ భయం మనకు బాగా తెలిసిందే. రోడ్డు ప్రమాదంలో పడ్డవాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు మన మెడకు చుట్టుకుంటుందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్తలు ఊరికే పుట్టలేదు. అందుకే సుప్రీంకోర్టు 2016 మార్చిలో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కేసులో, ఆపద్బాంధవులను వేధించకూడదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సాయపడినవాడి మీద కేసు ఉండదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. గాయపడినవాణ్ని గంటలోపు ఆసుపత్రికి చేర్చినవారికి 2021 నుంచి ఇస్తున్న 5,000 రూపాయల బహుమతిని కేంద్రం 2025లో 25,000 చేసింది.

ఇవన్నీ రోడ్డు ప్రమాదాలకే. లారీ గుద్ది పడినవాణ్ని ఎత్తుకున్నవాడికి ఉన్న ఈ గొడుగు, కత్తిపోటు తిన్నవాణ్ని ఎత్తుకున్నవాడికి లేదు. దాడిలో అడ్డుపడినవాడికి చట్టం అసలు ఏమీ ఇవ్వలేదని కాదు. ఇతరుల ప్రాణాన్ని కాపాడేందుకు బలం వాడే హక్కు పాత శిక్షాస్మృతిలో ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలోనూ ఉంది. కళ్లెదుట తీవ్ర నేరం చేసినవాణ్ని మామూలు పౌరుడు కూడా పట్టుకుని పోలీసులకు అప్పగించవచ్చు. కానీ ఆ హక్కు వాడుకున్నానని నిరూపించుకోవాల్సింది అతనే, అదీ కేసు నమోదయ్యాక. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018లో మహేందర్ చావ్లా కేసులో ఆమోదించి అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ సొంత పథకం తయారు చేసి ప్రకటించాలని చెబుతోంది. ఆ పథకం ఉందని, దరఖాస్తు చేసుకోవచ్చని మన పోలీసు స్టేషన్లలో సాక్షికి ఎవరైనా చెబుతున్నారా?

జనం రాయిగా మారారని ఇంకో సంపాదకీయం రాసే ముందు రెండు తెలుగు ప్రభుత్వాలనూ అడగాల్సినవి ఉన్నాయి. దాడిలో గాయపడినవారిని ఆదుకున్న మనిషికి 134ఎ తరహా రక్షణ ఇవ్వడం మొదటిది. వాంగ్మూలం అతని ఇంటి దగ్గరో, వీడియోలోనో తీసుకోవడం, ఒక్కసారికి మించి తిప్పించుకోకపోవడం, నిందితుల వైపు నుంచి బెదిరింపు వస్తే ఫలానా అధికారికి ఫోను చేయమని నంబరు రాసి చేతికివ్వడం రెండోది. ఈ రెండోదానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక డీజీపీ సర్క్యులర్ చాలు.